రెల్లు ఒడ్డున మంచు ఉదయం

ఆ చలికాలం మా ఇంటిని ముందు కాగితం మీద కూల్చమన్నారు. కూల్చవలసినవాడు మా ఆయనే.

ఆ హుకుం చెప్పడానికి దివాను కజామా స్వయంగా మా గడప దాటి వచ్చాడు. నడుముకు రెండు కత్తులు, చేతిలో మడిచిన విసనకర్ర. వణికించే చలిలో విసనకర్ర ఏమిటని అడగకూడదు. దొరల దివానులు వేలితో చూపించరు, విసనకర్రతో చూపిస్తారు. ఆయన వెనక మొహెయి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. మా ఇంట్లో అచ్చయ్యే బొమ్మలన్నీ అమ్ముడుపోయేది మొహెయి దుకాణంలోనే.

మా ఆయన డెన్‌కిచి పలకలు చెక్కుతాడు. నేను వాటికి రంగులు పూసి కాగితానికి ఎక్కిస్తాను. కాగితం అంచున మాత్రం మా నాన్న ఇసాబురో పేరే ఉంటుంది. ఆయన మోచెయ్యి పాడై చాలా ఏళ్ళయింది. అయినా ఎడో నగరంలో ఆడదాని పేరుతో అచ్చు వేస్తే కొనే నాథుడు లేడు.

ఆ పూట బల్ల మీద నల్ల నకలు ఒకటి ఆరుతోంది. రంగులు వేయకముందు, గీతల పలకతో తీసే మొదటి కాగితం అది. ముందు సుమిదా నది, అవతలి ఒడ్డున మంచు కప్పుకున్న మా వీధి, దాని వెనక ఫుజి కొండ. మా వీధి చివరింట్లో ఉండే బాయిసెత్సు గారు గీసిన ఆఖరి బొమ్మ. ఆకులు రాలే రోజుల్లో తెచ్చి డెన్‌కిచి చేతిలో పెట్టాడు. "నా ఇరవయ్యేళ్ళప్పుడు అవతలి రేవు నుంచి చూసింది చూసినట్టు గీశాను. తప్పులుంటే నన్ను కాదు, నదిని అడుగు" అని నవ్వాడు. మంచు పడకముందే పోయాడు.

కజామా విసనకర్ర కొసని మా ఇళ్ళ కప్పుల మీద ఆనించాడు.

"ఇవి తీసెయ్."

"ఇళ్ళాండీ?" అన్నాడు డెన్‌కిచి.

"ఇళ్ళే."

"తీసేసి అక్కడేం పెట్టమంటారు?"

"ఏమీ పెట్టకు. మంచు పడింది కదా. మంచే ఉండనీ."

మూల కుంపటి దగ్గర కూర్చున్న మా నాన్న దగ్గాడు. "దొరా, ఎడమ నుంచి మూడో కప్పు చూశారా? తమరు ఇప్పుడు నిలబడింది దాని కిందే."

"అయితే ఎక్కడ గీకాలో మీకు వేరే చెప్పక్కర్లేదన్నమాట" అన్నాడు కజామా.

మొహెయి గొంతు సవరించుకున్నాడు. "పేరు కూడా కొత్తది పెట్టాం ఇసాబురో. 'పూర్వపు రెల్లు ఒడ్డు, మంచు ఉదయం'. బావుంది కదూ? కొత్త సంవత్సరానికి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది చూడు."

పూర్వపు. ఆ ఒక్క మాట వినగానే నాకు ఎత్తంతా అర్థమైపోయింది.

కజామా కొలిచే దొరగారు ఆ ఏడే నదికి అవతల కొత్త మేడ కట్టుకున్నారు. పొద్దున్నే మేడ మీద కూర్చుని ఫుజి కొండ చూడాలని ఆయన ముచ్చట. కొండ కనబడుతోంది. దాని కింద మా బట్టల దండేలూ, ఓమసా అత్త మలుగు చేపలు కాల్చే పొగా కూడా కనబడుతున్నాయి. అందుకని న్యాయాధికారి దగ్గర దావా వేయించారు. ఆ ఒడ్డు మొదటినుంచీ దొరగారి భూమే, అక్కడ రెల్లు తప్ప ఏమీ ఉండేది కాదు, మొన్నటి కరువులో ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఆక్రమించుకున్నారు అని. మా తాతల నాటి కాగితాలు ఎడోని తగలబెట్టిన ఏదో ఒక మంటలో ఎప్పుడో బూడిదయ్యాయి. మాకు మిగిలింది ఒక్క బాయిసెత్సు గారి కుంచె. దాని చేత కూడా అబద్ధం చెప్పించాలని చూస్తున్నాడు కజామా.

"ఆ ముసలాయన చేత్తో గీసిన అసలు కాగితం ఎక్కడైనా ఉందా?" అన్నాడు, ఊసుపోక అడిగినట్టు.

డెన్‌కిచి తలెత్తలేదు. "ఉండదు దొరా. బొమ్మని బోర్లించి పలకకి అతికించి దాని మీదే చెక్కుతాం. ఉలి కింద పోతుంది."

"అదే విన్నాను." వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగాడు. "పక్క పేటలో చెక్కేవాళ్ళకి కరువు లేదట. నువ్వు కాకపోతే ఇంకొకడు. అప్పుడు నీకు ఇల్లే కాదు, పనీ ఉండదు."

వాళ్ళ చెక్క చెప్పుల చప్పుడు వంతెన దాటిపోయేదాకా మేం ముగ్గురం వింటూ కూర్చున్నాం. తర్వాత డెన్‌కిచి ఉలి తీసి చాప మీదికి విసిరాడు.

"నేను చెయ్యను. నా వేళ్ళు నరుక్కుంటాను గానీ ఈ పని చెయ్యను."

"నరుక్కో. వేళ్ళు లేని మొగుణ్ణి పెట్టుకుని నేనేం చేసుకోను?" అన్నాను.

"నీకు వేళాకోళంగా ఉందా షిగె?"

"లేదయ్యా. నువ్వు ఆ ఇళ్ళు తీసెయ్. ఒక్క గీత మిగల్చకు. కానీ ముందు నాకు ఇంకో నల్ల నకలు తీసివ్వు. దాన్ని కొత్త పలకకి అతికించి ఇళ్ళు మాత్రమే చెక్కు."

"రెండో పలక మీద ఉంటే మాత్రం? రంగు పూయగానే కనబడవూ?"

"రంగు పూస్తానని ఎవరన్నారు?"

కుంపటి దగ్గర మా నాన్న నోటి దాకా వెళ్ళిన పొగగొట్టం అక్కడే ఆగిపోయింది.

"వట్టి అచ్చా?" అన్నాడు.

వట్టి అచ్చు వేయడానికి రంగు అక్కర్లేదు. తడి కాగితాన్ని పలక మీద పరిచి, మామూలుగా రుద్దే వెదురు బిళ్ళ పక్కన పడేసి, మోచేతి మీద ఒంటి బరువంతా వేసి నొక్కాలి. గీత కాగితంలో బొడిపెలా నిలబడిపోతుంది. ఎదురుగా చూస్తే తెల్ల కాగితమే. వెలుతురుకి పక్కవాటుగా పట్టుకుంటే అందులోంచి బొమ్మ లేస్తుంది. ఒకప్పుడు కొంగల ఈకలు, మంచు గుట్టలు అలా వేసేవాళ్ళం. ఆడంబరాలు మానండని సర్కారు హుకుం దిగాక ఆ పని అడిగేవాళ్ళే లేకుండా పోయారు. మా నాన్న మోచెయ్యి ఆ కొంగలకే బలైంది.

"ఎనిమిది రంగు పలకలు దాటకూడదని కదా హుకుం? రంగే లేని పలకని ఎవరు లెక్కపెడతారు?" అన్నాను.

"దొరికితే?"

"ఆయనకి కావలసింది మంచు నాన్నా. మంచే కనబడుతుంది."

నాన్న నా మోచెయ్యి తడిమి చూశాడు. "ఎముకతో నొక్కకు" అన్నాడు. "ఎముక పక్కనుండే కండతో నొక్కు. నాకు ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది."

డెన్‌కిచి చాప మీద పడ్డ ఉలిని వెతుక్కుని, అంచు విరిగిందేమోనని బొటనవేలితో చూసుకున్నాడు.

మర్నాడు మా వీధి మొత్తం చెక్కపొట్టయి కుంపట్లోకి వెళ్ళింది. ఓమసా అత్త దుకాణం, బాయిసెత్సు గారి కంచె, మా ఇల్లు, అన్నీ. ఆ మంట మీదే టీ కాచుకుని తాగాం. తాగుతూండగానే డెన్‌కిచి కొత్త పలక ముందేసుకున్నాడు. తీసేటప్పుడు ఎంత కసిగా గీకాడో, పెట్టేటప్పుడు అంత నెమ్మదిగా పెట్టాడు. ఓమసా అత్త లాంతరు మీది చేప దగ్గరికి వచ్చేసరికి ఊపిరి కూడా బిగబట్టాడు.

ఆ తర్వాత పని నాది. నదికి నీలం, ఆకాశం అంచుకి పలచటి గులాబీ, రెల్లుకి బూడిద. అన్ని రంగులూ అయ్యాక ఆఖరున వట్టి పలక. కాగితం మూలని పలక మీది గాడిలో ఆనించి, వంగి, మోచేతితో ఒక్కో కప్పూ, ఒక్కో గోడా కాగితంలోకి దించడం. భుజం దాకా సలుపు ఎక్కేది. నాన్న తడి గుడ్డ చుట్టేవాడు. "నేను చెప్పానా, ఎముకతో కాదని" అంటూ తిట్టేవాడు. తిడుతూనే తర్వాతి కాగితం అందించేవాడు.

కజామా మళ్ళీ వచ్చిన రోజు కాగితాలన్నీ నేల మీద పరిచి ఉంచాను. ఆయన మా నేల మీద కూర్చునే రకం కాదు. నిలబడి, పైనుంచి కిందికి చూశాడు.

"శుభ్రంగా ఉంది. కాకి కూడా వాలని మంచు."

"తమ దయ" అంటూ నుదురు చాపకి ఆనించాను. నా మొహం ఆయన చూడకూడదు మరి.

ఆయనే ఏరుకుని ఒక కాగితం తీసుకెళ్ళాడు.

ఇక మిగిలింది పేట పెద్ద హంబెయి. బొమ్మలకి ముద్ర వేసేది ఆయనే. బాయిసెత్సు గారి అసలు కాగితానికి ముద్ర వేసిందీ ఆయనే, అంటే ఇళ్ళున్న బొమ్మని మా ఇంటి బయట చూసిన మనిషి ఎడోలో ఆయనొక్కడే. చెక్కాక ఏ మార్పు చేసినా తయారైన కాగితాన్ని మళ్ళీ చూపించాలి, ఒకటి ఆయన దగ్గరే ఉంచాలి. తన నీడకి కూడా దణ్ణం పెట్టి దారి ఇచ్చే మనిషి. కాగితం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను.

హంబెయి వసారాలో కూర్చుని కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"ఇళ్ళేవమ్మా?"

"తీసేయమన్నారండి."

"ఎవరు?"

"తమరు అడగకపోతేనే మంచిదండి. మీక్కూడా తలనొప్పి."

ఆయన నిట్టూర్చాడు. బొటనవేలు మంచు మీద అలా జరుగుతూ పోయింది. ఒడ్డు మధ్యకి వచ్చింది. ఆగింది. మళ్ళీ వెనక్కి జరిగి, మళ్ళీ అక్కడే ఆగింది.

"కాగితం గరుగ్గా ఉందే" అన్నాడు.

"మంచి రకం కాగితమండి."

ఆయన నా వంక చూడలేదు. ముద్ర తీసి వేశాడు. కాగితాన్ని మడత పడకుండా చెక్క పెట్టెలో పెట్టి, మూత మీద చెయ్యి ఆనించాడు. "వెళ్ళిరామ్మా. జారుతుంది, చూసుకుని నడు" అన్నాడు.

బొమ్మ మొహెయి దుకాణంలో వేలాడిన రోజునే మా గుమ్మంలో గొడవ మొదలైంది.

"బయటికి రావే షిగె! నీ మొహం ఒకసారి చూపించు!"

ఓమసా అత్త. చేతిలో బొమ్మ, నడుముకి చేపల మసి అంటిన గుడ్డ, వెనక వీధిలో సగం మంది.

"మా ముత్తాత పెట్టిన దుకాణమే అది! మీ ఆయన ఉలి పెట్టి గీకేశాడట. ఎంతకి అమ్ముడుపోయారే మొగుడూ పెళ్ళాలు? మొన్న నా దగ్గర చేపలు తిన్న నోటితోనే 'సరే దొరా' అన్నారా?"

"అత్తా, లోపలికి రా."

"రాను! నాకు ఇల్లే లేదు, మీ బొమ్మలో చూసుకో. ఇల్లు లేనిదాన్ని, వీధిలోనే నిలబడతాను."

నేను ఆమె మణికట్టు పట్టుకుని గుమ్మం చివరికి లాగాను. పొద్దు వాలుతోంది. వెలుతురు మంచు మీద పాకుతూ సరాసరి మా గడప మీదికి వస్తోంది.

"బొమ్మని ఇలా పట్టుకో. అలా కాదు. పక్కకి వంచు. ఇంకొంచెం."

ఓమసా అత్త నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోరు తెరిచి మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

"ఇది నా లాంతరు" అంది చివరికి.

"ఊఁ."

"లాంతరు మీద చేప కూడా ఉందే!"

"డెన్‌కిచి దానికోసం ఊపిరి బిగబట్టాడు."

ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచింది. నా మోచెయ్యి కాదు కాబట్టి బతికిపోయాను. "పోకిరీదానా, ముందే చెప్పొద్దూ? పొద్దున్నుంచీ మీ ఇంటికి శాపనార్థాలు పెడుతున్నాను. ఇప్పుడవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాలంటే ఎంత పని!"

"అత్తా, విచారణ రోజు దాకా నోరు మూసుకుని ఉండాలి."

"నేనా?"

"ముఖ్యంగా నువ్వే."

"దానికన్నా ఇల్లు ఖాళీ చెయ్యడం తేలిక" అంది ఆమె నడుము గుడ్డతో కళ్ళు తుడుచుకుంటూ.

కానీ మూసుకుంది. వీధి మొత్తం మూసుకుంది. ప్రతి ఇంట్లో కిటికీ పక్కన ఆ బొమ్మ తగిలించి, పొద్దు వాలే వేళకి దాని ముందు చేరేవాళ్ళు. బయటివాళ్ళు చూస్తే కొత్త బొమ్మ మోజనుకునేవాళ్ళు. దొరగారి మేడ మీంచి చూస్తే ఇంకేమనుకునేవాళ్ళో మాకు తెలియదు.

విచారణ రోజు ఎండ కాసింది. న్యాయాధికారి ఎత్తైన గదిలో నీడన కూర్చున్నాడు. కజామా ఆయనకి దిగువన, చెక్క మెట్టు మీద. మేము ఇంకా దిగువన, ఆరుబయట తెల్ల ఇసుకలో గడ్డిచాపల మీద. వీధి తరపున మా నాన్న, ఆయన పక్కన ఆసరాగా నేను, వెనక ఓమసా అత్త. పేట పెద్ద హంబెయి చెక్క పెట్టె ఒళ్ళో పెట్టుకుని పక్కగా కూర్చున్నాడు.

నా ధైర్యమంతా కజామా తీసుకెళ్ళిన కాగితం మీదే పెట్టుకున్నాను. ఆయన దాన్ని న్యాయాధికారి ముందు పెడతాడు, ఎక్కడో ఒక మూలనుంచి వెలుతురు పడుతుంది, అంతే.

కజామా మనిషి ఒక పొడుగాటి పెట్టె తెచ్చాడు. అందులోంచి పట్టు చుట్ట ఒకటి తీసి విప్పాడు.

ఆ పెద్దమనిషి మా బొమ్మని పట్టుకి అతికించి గోడకి వేలాడదీసే చుట్టలా కట్టించాడు. అతికించేవాళ్ళు కాగితం వెనక తడి జిగురు పూస్తారు, గట్టి కుంచెతో సాపు చేస్తారు, బల్లకి బిగదీసి ఆరబెడతారు. వట్టి అచ్చు అందులో బతకదు. గొప్పగా కనబడాలన్న యావలో కజామా మా ఇళ్ళని రెండోసారి నేలమట్టం చేశాడు. ఈసారి తనకే తెలియకుండా.

నాన్న నా మోకాలు పట్టుకున్నాడు. ఆయనకీ అర్థమైంది.

న్యాయాధికారి బొమ్మని చూశాడు. "మంచు బాగుంది. ఇది నిజమైన దృశ్యమేనా?"

"బాయిసెత్సు అనే ప్రసిద్ధ చిత్రకారుడు యవ్వనంలో కళ్ళారా చూసి గీసినది ప్రభూ. ఆ కాలంలో ఒడ్డు ఎలా ఉండేదో అలాగే ఉంది."

"మధ్యలో ఎవరి చెయ్యీ పడలేదా?"

"అచ్చు వేసేటప్పుడు ప్రతి గీతా నేనే దగ్గరుండి చూసుకున్నాను. పొల్లు పోలేదు. పేట పెద్ద ముద్ర కూడా ఉంది."

"హంబెయి, నీ దగ్గరుండే ప్రతి తెచ్చావా? ముద్ర సరిచూడాలి."

"తెచ్చానండి" అన్నాడు హంబెయి. వినబడీ వినబడనట్టు.

రివాజు ప్రకారం పెట్టెని మూతతో సహా గుమాస్తాకి అందించాలి. గుమాస్తా నీడలోనే మూత తీసి, కాగితాన్ని బల్ల మీద పరుస్తాడు. అంతటితో మా కథ అయిపోయేది.

హంబెయి లేచాడు. పెట్టెని చాప మీదే వదిలేశాడు. కాగితాన్ని బయటికి తీసి, రెండు చేతులా గుండెల ఎత్తున పట్టుకుని, ఇసుకలో ఎండలోకి నడిచాడు. సగం దూరంలో ఆగిపోయాడు.

"నడవవేం?" అన్నాడు కజామా.

"మోకాళ్ళ నొప్పులు దొరా" అన్నాడు హంబెయి. గాలికి ఎగరకుండా సర్దుకుంటున్నట్టు కాగితాన్ని కాస్త పక్కకి వంచాడు.

అంతే.

న్యాయాధికారి ముందుకి వంగాడు. "హంబెయి, అలాగే పట్టుకుని రా. చెయ్యి కదపకు" అన్నాడు.

కాగితం మెట్టు దగ్గరికి వచ్చింది. న్యాయాధికారి గది అంచు దాకా జరిగి ఎండలోకి తల పెట్టాడు. కప్పులు. కిటికీలు. కంచె. "ఇదేమిటి, లాంతరా?" అన్నాడు. నా వెనక ఓమసా అత్త గొంతులో చిన్న శబ్దం చేసి, వెంటనే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

కజామా ఆ కాగితం వైపు చూసి, తన పట్టు చుట్ట వైపు చూశాడు.

"మోసం! ఇది దొంగ కాగితం!"

"ముద్ర నాదేనండి" అన్నాడు హంబెయి. ఈసారి అందరికీ వినబడింది.

"తర్వాత ఎవరో చేర్చారు ప్రభూ, ఈ అచ్చువాళ్ళే చేర్చి ఉంటారు!"

"ప్రతి గీతా దగ్గరుండి చూసుకున్నానన్నావు కదయ్యా" అన్నాడు న్యాయాధికారి.

"చూశాను! అప్పుడు లేవు! నేను తీసేయించినవి మళ్ళీ ఎలా..."

ఆగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. గుమాస్తా కుంచె కాగితం మీద పాకుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

"రాశావా?" అని గుమాస్తాని అడిగాడు న్యాయాధికారి.

"రాశానండి."

"తీసేయించాలంటే ముందు ఉండాలి. పూర్వం ఉండాలి. పేరులోనే 'పూర్వపు' అని ఉంది." విసనకర్రతో కాదు, వేలితోనే చూపించాడు. "దావా కొట్టేశాను. ఇప్పుడు చెప్పండి, పేట పెద్దకి చెప్పకుండా ఈ పలక అచ్చు వేసిందెవరు?"

మా నాన్న లేవబోయాడు. "కాగితం మీద నా పేరుందండి..."

నేను ముందుకి జరిగి చొక్కా చెయ్యి పైకి లాగాను. మోచెయ్యి నుంచి భుజం దాకా నల్లగా, నీలంగా కమిలి ఉంది. "పేరు మా నాన్నది. మోచెయ్యి నాది."

"చెప్పకుండా చెయ్యడం తప్పని తెలీదా?"

"తెలుసండి."

"మళ్ళీ చేస్తావా?"

"మళ్ళీ మా ఇల్లు తీసేయమంటే చేస్తానండి."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. వెనకనుంచి ఓమసా అత్త, "అలా చెప్పు పిల్లా" అని గొణిగింది. ఆమె మాట గొణుగుడు దగ్గర ఆగదు కాబట్టి ఆవరణ అంతా వినబడింది.

న్యాయాధికారి పెదవి కొస కదిలినట్టుంది. చెప్పకుండా చేసినందుకు నా మణికట్లకి బేడీలు వేసి, చలి పోయి తొలి పూలు పూసేదాకా ఇంట్లో ఉంచమన్నాడు. ఇకముందు రంగు పలకలే కాదు, రంగు లేనివి కూడా పేట పెద్దకి చూపించి ముద్ర వేయించుకోవాలన్నాడు. బొమ్మని మాత్రం ఆపమనలేదు.

బేడీలతో ఇంటికి వచ్చాను. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. ఓమసా అత్త కాల్చిన చేపలు తెచ్చి ముళ్ళు తీసి మరీ నోట్లో పెట్టింది. "నములు. నువ్వు నమలడానికి కూడా తిరగబడతావేమో" అంది. డెన్‌కిచి జుట్టు దువ్వబోయి చిక్కులు చేశాడు. "పలకమీద వెంట్రుకలు చెక్కడమే తేలిక" అన్నాడు.

ఒక పొద్దున్న మొహెయి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"షిగె గారూ!"

ఆ 'గారు' ఆ రోజే పుట్టింది.

"ఎడో అంతా ఆ బొమ్మే అడుగుతోందండి. దుకాణం ముందు కొనుక్కున్నవాళ్ళు కొనుక్కున్నట్టే వీధిలో నిలబడి ఎండకి వంచి చూస్తున్నారు. ఉన్నవన్నీ అయిపోయాయి. చూస్తే మీ చేతులిలా..."

అప్పుడే హంబెయి వచ్చాడు. బేడీల మీది కాగితపు ముద్ర చెక్కుచెదరకుండా ఉందో లేదో ఆయన వచ్చి చూసిపోవాలి. వంగి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"హంబెయి గారూ, ఆ రోజు వసారాలోనే మీకు తెలిసిపోయింది కదూ?" అన్నాను.

"కాగితం గరుగ్గా ఉందన్నాను కదమ్మా" అన్నాడు.

"ఇంకో సంగతండి. నేను చేతులు వాడకూడదు కదా?"

"వాడకూడదు."

"మోచెయ్యి?"

ఆయన తల గోక్కున్నాడు. హుకుం ఇంకోసారి గుర్తు చేసుకుంటున్నట్టు పైకప్పు వంక చూశాడు. "మణికట్లని మాత్రమే చెప్పారు" అన్నాడు. మూల గోడకి ఆనించిన వట్టి పలక ఆయనే తీసుకుని, తిరగేసి, వెనక ముద్ర వేసి బల్ల మీద పెట్టాడు. తొందరేమీ లేనట్టు కుంపటి దగ్గర చేరి చేతులు కాచుకున్నాడు.

రంగుల పని నాన్నా డెన్‌కిచీ పంచుకున్నారు. నీలం కాస్త మందంగా పడింది, గులాబీ కాస్త తొందరగా అయిపోయింది. పరవాలేదు. ఆఖరి పలక నాది.

అవతలి ఒడ్డున దొరగారి మేడలో మావైపు కిటికీలు మూసేసి ఉన్నాయి. ఇవతల ఓమసా అత్త కావాలనే తడి బొగ్గు వేసి పొగని నది మీదికి విసురుతోంది.

నాన్న తడి కాగితం మూలని గాడిలో ఆనించి పరిచాడు. "ఎముకతో కాదు" అన్నాడు.

"తెలుసు నాన్నా" అన్నాను. బేడీలు గలగలమన్నాయి. వంగి, ఎడమ నుంచి మూడో కప్పు మీద మోచెయ్యి ఆనించాను.